ఇల్లు వదలకుండానే రక్షణ కోరవచ్చు

ప్రశ్న: నా వయసు 31. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, ఆరేళ్ళ పాప ఉంది. ఆయనది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నా జీతం పడే ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. మేముంటున్న ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. మొదటి ఏడాది నుంచీ ఆయన చేయిచేసుకుంటూనే ఉన్నారు. ఈ మధ్య రెండుసార్లు గొంతు పట్టుకున్నారు, కానీ వెంటనే వదిలేశారు. ఒకసారి చేయి వాచి ఆసుపత్రికి వెళితే బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పాను. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టారు. రెండోసారి, ఇకమీదట కొట్టనని ఆయనా, పోలీసుల దగ్గరికి వెళ్ళనని నేనూ వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు చేశాం. అయినా ఏమీ మారలేదు. నోరెత్తితే 'ఇల్లు నాది, బయటికి నడువు' అంటారు అత్తగారు. నా బంగారం ఆవిడ బీరువాలో ఉంది. స్కూటర్ చప్పుడు వినగానే పాప టీవీ ఆపేసి వెనకగదిలోకి వెళ్ళిపోతుంది. చెల్లెలి పెళ్ళి కావాల్సి ఉంది కాబట్టి సర్దుకుపొమ్మంటున్నారు అమ్మానాన్నలు. ఆయన్ని జైలుకు పంపాలని నాకు లేదు, విడాకులూ వద్దు. కొట్టకుండా ఉంటే చాలు. నాకేమైనా దారి ఉందా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 'రెండుసార్లు గొంతు పట్టుకున్నారు, కానీ వెంటనే వదిలేశారు' అని రాశారు. వదిలేశారు కదా అని దాన్ని కూడా మీరు చెంపదెబ్బల లెక్కలోనే కలిపేసినట్టున్నారు. దయచేసి అలా కలపకండి. భర్త చేయి ఒకసారి గొంతు మీదికి వెళ్ళిందంటే ఆ తరువాత ఆ ఇంట్లో భార్య ప్రాణానికి ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందన్నది ఈ రకం హింసను అధ్యయనం చేసినవారు గట్టిగా చెబుతున్న మాట. చాలా ఏళ్ళుగా మెజిస్ట్రేట్ కోర్టుల్లో ఇలాంటి కేసులు నడుపుతున్న న్యాయవాదిగా నేను భయపడేది కూడా దానికే. గొంతు నొక్కినప్పుడు పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడానికి కష్టంగా ఉన్నా, కళ్ళలో ఎర్రటి చుక్కలు కనిపించినా, కళ్ళు తిరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గొడవ మొదలైతే వంటగదిలోనో, గడియ పడే గదిలోనో చిక్కుకోకుండా వీధి తలుపు వైపుకు రండి. అత్యవసర సహాయ నంబరు 112కు ఫోన్ చేయండి. ఫోన్ అందకపోతే ఇరుగుపొరుగుకు వినపడేలా కేకలు వేయండి. పక్కింట్లో మీరు నమ్మే మనిషి ఒకరికి ముందే సంగతి చెప్పి ఉంచడం మంచిది. మిగతావన్నీ దీని తరువాత.

ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. దారి ఉంది. ఆయన్ని జైలుకు పంపనక్కరలేకుండా, విడాకులు అడగనక్కరలేకుండా, మీరు ఆ ఇంటి గడప దాటి బయటికి రానక్కరలేకుండా కొట్టడం మాన్పించడానికే ఒక చట్టం వచ్చింది. అది గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం, 2005. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం గురించి మన ఊళ్ళలో ఉన్న పెద్ద అపోహ ఏమిటంటే, కోర్టుకు వెళ్ళడమంటే భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద పెట్టే క్రిమినల్ కేసు, అంటే 498ఏ కేసు పెట్టడమేనని, ఆ కేసు పడితే మొగుణ్ణి పోలీసులు పట్టుకుపోతారని, అంతటితో కాపురం ముగిసినట్టేనని అనుకోవడం. పడి ఉండటమో, కేసు పెట్టి తెంచుకోవడమో, ఈ రెండు తప్ప మూడోది లేదనుకునే వేలమంది ఆడవాళ్ళు మొదటిదాన్నే ఎంచుకుంటున్నారు. మీరూ ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది అదే. ఈ చట్టం కింద మీరు మెజిస్ట్రేటు గారికి పెట్టుకునేది నేరారోపణ కాదు, రక్షణ కోరుతూ అర్జీ. దాన్ని మన కోర్టుల్లో డీవీసీ (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అంటారు. దాని మీద వచ్చే ఉత్తర్వు ఆయనకు శిక్ష కాదు, ఆయన దాటకూడని గీత. ఆ గీత దాటితేనే, అంటే ఉత్తర్వు ఉండగా మళ్ళీ చేయి ఎత్తితేనే, అది ఈ చట్టం కింద నేరమవుతుంది. దానికి ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ నేరంలో బెయిలు దానంతట అది దొరకదు. మీ ఒక్కరి సాక్ష్యం మీదనే దాన్ని నిర్ధారించే అధికారం కోర్టుకు ఉంది. అంటే జైలుకు వెళ్ళడమా వద్దా అన్నది ఆయన చేతిలోనే ఉంటుంది.

కొట్టడం ఒక్కటే హింస అని ఈ చట్టం అనుకోలేదు. తిట్టడం, అవమానించడం, ఇష్టం లేకుండా శారీరకంగా బలవంతం చేయడం, మీ సంపాదన మీకు అందకుండా చేయడం, ఇంట్లోంచి గెంటేస్తామని బెదిరించడం కూడా గృహహింస కిందికే వస్తాయి. మీ ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉండటాన్ని మీరు ఉత్తరంలో ఫిర్యాదుగా రాయలేదు, ఇంటి సంగతిగా రాశారు. చట్టం దృష్టిలో అది ఆర్థిక హింస.

ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది కాబట్టి మీకు నిలవనీడ లేదన్న భయం వదిలేయండి. ఒకప్పుడు, 2007లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల, అత్తమామల సొంత ఇంట్లో కోడలికి నివాస హక్కు లేదనే వాదనకు కోర్టుల్లో బలం ఉండేది. 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పు సరికాదని తేల్చింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, దాంట్లో మీరు కోడలిగా స్థిరంగా కాపురం చేస్తూ ఉంటే అది చట్టప్రకారం మీ ఉమ్మడి నివాసం. కోర్టు ప్రక్రియ లేకుండా మిమ్మల్ని అందులోంచి బయటికి పంపే వీలు ఎవరికీ లేదు. అదే ఏడాది డిసెంబరులో వనిత కేసులో, వయోవృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాస హక్కును తుడిచిపెట్టకూడదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది ఉండే హక్కే కాని ఆస్తి హక్కు కాదు. పెద్దవాళ్ళు ప్రశాంతంగా బతికే హక్కును కూడా కోర్టు తూచి చూస్తుంది. ఒకే కప్పు కింద ఉండటం కుదరని పరిస్థితి అయితే మీకు అదే స్థాయిలో వేరే ఇల్లు చూపించమనీ, లేదా అద్దె చెల్లించమనీ మీ భర్తను ఆదేశిస్తుంది. అవసరమైతే ఆయన్నే ఇల్లు వదిలి వెళ్ళమని ఆదేశించవచ్చు. అత్తగారిని మాత్రం అలా పంపలేరు, ఆడవాళ్ళ మీద ఆ ఉత్తర్వు వేయకూడదని చట్టంలోనే ఉంది. మీ బంగారం మీ స్త్రీధనం. అది ఆవిడ బీరువాలో ఉన్నంత మాత్రాన ఆవిడది కాదు. తిరిగి ఇప్పించమని అదే అర్జీలో అడగండి.

స్టాంపు కాగితం సంగతి మీరు సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. నాకైతే ఆ కాగితం మీ చేతిలో ఉన్న అతి విలువైన సాక్ష్యంలా కనిపిస్తోంది. పోలీసుల దగ్గరికి వెళ్ళనని మీరు రాసిచ్చిన మాట చెల్లదు. న్యాయం కోసం చట్టం దగ్గరికి వెళ్ళకుండా మనిషిని కట్టడి చేసే ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. కానీ 'ఇకమీదట కొట్టను' అని ఆయన రాసిచ్చిన మాట ఉంది చూశారా, అది పెద్దమనుషుల సమక్షంలో, తన సంతకంతో, అప్పటిదాకా కొట్టానని ఆయన ఒప్పుకున్నట్టే. రేపు కోర్టులో 'నేనెప్పుడూ చేయెత్తలేదు' అని ఆయన తరఫు వకీలు అంటే, మన వకీలు ఆ కాగితం తీసి చూపిస్తారు. అసలు కాగితం ఎవరి దగ్గరుందో కనుక్కోండి; కనీసం ఫోటో అయినా తీయించి మీకు నమ్మకమైన వాళ్ళ దగ్గర ఉంచండి.

ఆసుపత్రి విషయంలో జరిగిన పొరపాటు దాదాపు ప్రతి ఒక్కరూ చేసేదే. జారిపడ్డానని డాక్టరు రాసిన చీటీ ఆ తరువాత మన మీదికే వస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు, అలాంటి రోజు రాకూడదనే కోరుకుంటాను, దెబ్బ ఎలా తగిలిందో, ఎవరు కొట్టారో ఉన్నది ఉన్నట్టు చెప్పి అలాగే రాయమనండి; వైద్యం చేయడానికి దాన్ని కారణంగా చూపి నిరాకరించడానికి వీల్లేదు. పాత చీటీని పారేయకండి. అప్పుడు భయంతో అబద్ధం చెప్పాల్సివచ్చిందని, కోర్టుకు ఇచ్చే ప్రమాణపత్రమైన అఫిడవిట్‌లో మీరే ముందుగా రాయండి. అవతలివాళ్ళు బయటపెట్టేదాకా ఆగితే అది మీకు నష్టం. దెబ్బల ఫోటోలు, ఆయన పంపిన వాయిస్ మెసేజీలు ఉంటే కాపీలు ఇంకొకరి ఫోన్లోకి పంపి, అసలు ఫోన్లో ఉన్నవి చెరపకుండా అలాగే ఉంచండి. ఆయన మీ ఫోన్ చూస్తుంటే ఈ ప్రయత్నాలన్నీ తోటి టీచరు ఫోన్ నుంచే చేయండి. పాతవి కదా, ఇప్పుడు చెబితే చెల్లుతాయా అన్న సందేహం వద్దు. ఈ చట్టం కింద పెట్టుకునే అర్జీకి ఏడాదిలోపే రావాలన్న కాలపరిమితి లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అర్జీ ఎలా పెట్టాలో చెబుతాను. ముందుగా 181కు ఫోన్ చేయండి; అది మహిళల హెల్ప్‌లైను, పగలూ రాత్రీ పనిచేస్తుంది. వాళ్ళు మిమ్మల్ని జిల్లా కేంద్రంలోని వన్ స్టాప్ సెంటర్‌తో కలుపుతారు. తెలంగాణలో వీటినే సఖి కేంద్రాలంటారు. అవసరమైతే పాపతో సహా కొద్ది రోజులు అక్కడ తలదాచుకోవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ తరఫున రక్షణాధికారి ఉంటారు. మీరు చెప్పింది విని గృహహింస ఘటన నివేదిక తయారుచేసి కోర్టుకు పంపడం, అర్జీ ఫారం ఉచితంగా ఇచ్చి నింపడంలో సాయపడటం ఆ అధికారి విధి. ఆ నివేదిక లేకపోయినా మీరు నేరుగా కోర్టులో అర్జీ వేసుకోవచ్చు. వకీలు ఫీజు గురించి బెంగ అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా, ఆమె ఆదాయం ఎంతైనా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మీరు ఉంటున్న ఊరి కోర్టులోనే కాదు, తాత్కాలికంగా పుట్టింట్లో తలదాచుకుంటే ఆ ఊరి కోర్టులో కూడా అర్జీ వేయవచ్చు.

అర్జీతో పాటే మధ్యంతర ఉత్తర్వు కోసం అఫిడవిట్ తప్పక వేయించండి. ఇది నేను నొక్కి చెబుతున్న మాట. మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తీర్పు అని చట్టం అంటుంది కాని, మన కోర్టుల్లో ఉన్న కేసుల బరువు వల్ల వాయిదాలు నెలల తరబడి సాగుతాయి. అంతదాకా మిమ్మల్ని కాపాడేది మధ్యంతర ఉత్తర్వే. ప్రమాదం ఉందని మెజిస్ట్రేటుకు అనిపిస్తే ఎదుటివారు రాకముందే దాన్ని ఇవ్వవచ్చు. అందుకే గొంతు పట్టుకున్న రెండు సంఘటనలూ తేదీలతో, ఆ పూట ఇంట్లో ఎవరెవరున్నారో, మీరు ఎలా విడిపించుకున్నారో, ఆ మర్నాడు మాట్లాడటానికి ఎంత కష్టమైందో అన్నీ అఫిడవిట్ మొదటి పేజీలోనే ఉండాలి. 'శారీరకంగా, మానసికంగా వేధించారు' అనే ఒక్క వాక్యంతో సరిపెట్టే అర్జీలు రోజూ చూస్తుంటాను. ఆ వాక్యం చదివి ఏ మెజిస్ట్రేటూ ఉలిక్కిపడరు.

నోటీసు ఇంటికి చేరే రోజు గురించి ముందే ఆలోచించుకోవాలి. కోర్టు ఇచ్చిన నోటీసు సాధారణంగా రెండు రోజుల్లో రక్షణాధికారి ద్వారా ఆయన చేతికి అందాలి. తన మాట దాటి భార్య కోర్టుకు వెళ్ళిందని తెలిసిన క్షణమే చాలామంది మగవాళ్ళకు తట్టుకోలేని క్షణం. ఆ రోజు మీరూ పాపా పుట్టింట్లోనో, ఇంకొక సురక్షితమైన చోటనో ఉండండి, లేదా మీ నాన్నగారిని వచ్చి ఇంట్లో ఉండమనండి. కేసు వేస్తానని ముందుగా బెదిరించవద్దు. ఏటీఎం కార్డును కూడా ఈ రోజే బ్లాక్ చేయించకండి. మీ పేరు మీద వేరే బ్యాంకులో ఖాతా తెరిచి ఉంచుకుని, ఉత్తర్వు చేతికొచ్చాక స్కూల్లో ఆ ఖాతా నంబరు ఇవ్వండి. ఆధార్, పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, పాప జనన ధ్రువపత్రం, నగల రసీదులు, ఆసుపత్రి చీటీల నకళ్ళు ఇంటి బయట ఎవరి దగ్గరైనా ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒకామె ఈ కాగితాలన్నీ ఒక పాలిథిన్ కవర్లో చుట్టి ఏడాదిపాటు బియ్యం డబ్బా అడుగున దాచింది. బియ్యం కొలిచి పోసేది తానొక్కతే కాబట్టి ఆ డబ్బా అడుగు ఎవరూ చూడరని ఆమె నమ్మకం. అత్తగారు ఒక రోజు డబ్బా కడగబోయేసరికి అవి బయటపడి, ఆ సాయంత్రమే పొయ్యిలో పడ్డాయి. అందుకే ఇంటి బయట అంటున్నాను.

ఖర్చుల సంగతి. మీకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన భరణం రాదనుకోకండి. మీ జీతం చాలనప్పుడు మీకూ, పాపకూ నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. ఆయన ఎగ్గొడితే ఆయన పనిచేసే కంపెనీయే జీతంలోంచి కోసి నేరుగా మీకు చెల్లించేలా ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా ఈ చట్టంలో ఉంది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్లు వేయాలనీ, భరణాన్ని అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలనీ 2020లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఆయన జీతం స్లిప్పు నకలు దొరికితే దాచుకోండి. పాపను లాక్కుపోతామని బెదిరిస్తే, పాప తాత్కాలిక సంరక్షణ మీకే ఉండాలని కూడా ఇదే అర్జీలో అడగవచ్చు.

క్రిమినల్ కేసు మీకు వద్దన్నారు, ఆ నిర్ణయం మీది, దాన్ని గౌరవిస్తాను. కాని ఆ తలుపు మూసుకుపోలేదని తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది. మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. ఈ కేసులో పోలీసులు వెంటనే అరెస్టు చేసేస్తారన్నదీ ఇప్పుడు నిజం కాదు. అవసరమేమిటో కారణాలు రాయకుండా యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మళ్ళీ గొంతు మీదికి చేయి వస్తే మాత్రం జైలా కాదా అని ఆలోచిస్తూ కూర్చోకండి, ఆ రాత్రే స్టేషనుకు వెళ్ళండి. అక్కడ కౌన్సెలింగ్ పేరుతో మళ్ళీ వాయిదా వేస్తే, ఫిర్యాదును రాతపూర్వకంగా రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి; ఆ పోస్టు రసీదు కూడా ఒక సాక్ష్యమే.

రాజీ సంగతి కూడా చెప్పాలి. నోటీసు అందిన వారంలోపే పెద్దమనుషులు మళ్ళీ వస్తారు, కేసు వెనక్కి తీసుకుంటే అంతా సర్దుకుంటుందంటారు. ఆయన నిజంగా మారాలనుకుంటే సంతోషమే. కౌన్సెలింగ్‌కు ఆదేశించే అధికారం మెజిస్ట్రేటుకే ఉంది, అది కోర్టు నీడలో జరగనివ్వండి. రక్షణ ఉత్తర్వు ఉంచుకుని కూడా కాపురం చేయవచ్చు. కొట్టని భర్తకు ఆ ఉత్తర్వు వల్ల పోయేది ఏమీ లేదు. స్టాంపు కాగితం ఒకసారి చూశారు. రెండోసారి కోర్టు ముద్ర లేని మాటకు ఒప్పుకోకండి.

మీ నాన్నగారికి ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. అయ్యా, చిన్నమ్మాయి పెళ్ళి గురించి మీ బెంగ నాకు అర్థమవుతుంది. పెద్దమ్మాయి కాపురం నలుగురిలో పడితే సంబంధాలు రావన్న భయంతోనే మీరు సర్దుకుపొమ్మంటున్నారు. కాని మీ అమ్మాయి గొంతు మీద రెండుసార్లు చేయి పడింది. ఈ చట్టం ప్రకారం రక్షణాధికారికి సమాచారం ఇవ్వడానికి ఎవరైనా ముందుకు రావచ్చు, మంచి ఉద్దేశంతో ఇచ్చినవారి మీద ఏ కేసూ నిలవదు. ఆమె తరఫున అర్జీ కూడా మీరే వేయవచ్చు. వేయకపోయినా ఫరవాలేదు, కోర్టుకు వెళ్ళే రోజు ఆమె పక్కన నడవండి. తండ్రి వెంట ఉన్న కోడలితో అత్తింటివాళ్ళు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఇది ఆ కోర్టు వరండాల్లో నేను ఏళ్ళ తరబడి చూస్తున్నదే.

అమ్మా, రేపు స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో తోటి టీచరు ఫోన్ నుంచి 181కు ఫోన్ చేయండి. గొంతు పట్టుకున్న సంగతి మొదటి మాటగా చెప్పండి, చివర్లో కాదు. రక్షణాధికారి నివేదిక రాసేటప్పుడు పిల్లల వివరాలు అడుగుతారు. అక్కడ పేరు, వయసు చెప్పి ఊరుకోకండి. స్కూటర్ చప్పుడు వినగానే పాప టీవీ ఆపేసి వెనకగదిలోకి వెళ్ళే సంగతి కూడా అలాగే రాయించండి.